అట్రిబ్యూట్లు కాపీ కావు: ఒక నోట్సుకు జవాబు

గుంటూరు బ్రాడీపేట హాస్టళ్లలో, విజయవాడ బెంజి సర్కిల్ పక్కన కోచింగ్ సెంటర్లలో క్యాంపస్ ఇంటర్వ్యూలకు చదువుతున్న పిల్లల ఫోన్లలో ఒక నోట్సు ఫొటో తిరుగుతోంది. ప్రోగ్రామింగ్‌లో ఒక క్లాసు (ఒక రకం వస్తువులకు రాసుకున్న నమూనా) నుంచి మరో క్లాసు అట్రిబ్యూట్లను, అంటే పేరు పెట్టి దాచిన విలువలను, అందుకోవడమే ఇన్‌హెరిటెన్స్; ఇచ్చేది పేరెంట్, అందుకునేది చైల్డ్. దాని గురించి అందులో అయిదే వాక్యాలు. కంఠస్థం చేయడానికి హాయిగా ఉన్నాయి, మూడో, నాలుగో వాక్యాల్లో చెరి సగం తప్ప ఏదీ నిజం కాదు.

"చైల్డ్ క్లాసు పుట్టగానే పేరెంట్ అట్రిబ్యూట్లన్నీ దానిలోకి కాపీ అవుతాయి." మిర్చి యార్డు ఉన్న ఊరివాళ్లం కాబట్టి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ‘మిర్చి’ అనే క్లాసు రాద్దాం. పైథాన్ 3 తెలుగు పేర్లను నిక్షేపంగా ఒప్పుకుంటుంది. అందులో ‘తరుగు’కు (తూకంలో తగ్గించే బరువుకు) 1 ఇద్దాం, టిక్కీకి (మిర్చి బస్తాకు) కిలో అన్నది లెక్క కోసమే, యార్డులో తరుగు తగాదా జోలికి నేను పోను. దాని కింద ‘తేజ’, ‘బాడిగ’ అని మిర్చి రకాల పేర్లతో రెండు ఖాళీ చైల్డ్ క్లాసులు. ఇప్పుడు మిర్చి తరుగును 2 చేసి, తేజ తరుగు ఎంతో అడగండి. 2 అంటుంది. కాపీ అయి ఉంటే 1 అనాలి కదా! తేజ సొంత డిక్షనరీ (దాని అట్రిబ్యూట్ల పట్టిక) తెరిచి చూస్తే తరుగు ఊసే ఉండదు. అడిగిన ప్రతిసారీ పైథాన్ ముందు తేజలో వెతుకుతుంది, లేకపోతే మిర్చికి వెళుతుంది. తేజకు విడిగా 5 రాస్తే అక్కడే దొరుకుతుంది కనుక పైకి వెళ్లదు. ఆ 5ను డెల్‌తో తీసేయండి, మళ్లీ 2 కనిపిస్తుంది.

"అందువల్ల చైల్డ్‌లో ఏం చేసినా పేరెంట్‌కు తగలదు." అసలు ప్రమాదం ఈ వాక్యంలోనే ఉంది. మిర్చిలో ‘లాట్లు’ అనే ఖాళీ లిస్టు పెట్టి, తేజ లాట్లకు ఒకటి అపెండ్ చేయండి, అంటే చివర చేర్చండి. మిర్చిలోనూ అది కనిపిస్తుంది, ఏ పాపమూ ఎరుగని బాడిగలోనూ కనిపిస్తుంది. ఉన్నది ఒకే లిస్టు, ముగ్గురూ దాన్నే చూస్తున్నారు. తేజ లాట్లకు ఈక్వల్ గుర్తుతో కొత్త లిస్టు ఇస్తే మాత్రం అది తేజ సొంతం. ఈ రెంటికీ మధ్య ప్లస్-ఈక్వల్ (+=) ఉంది, అది మరీ గడుసుది: లిస్టు మీద వాడితే మిర్చి లిస్టునూ మారుస్తుంది, అదే లిస్టును తేజ పేరు కిందా రాసేస్తుంది. అదే తరుగు లాంటి అంకె మీద వాడితే విలువను మిర్చి నుంచి చదివి, ఫలితాన్ని తేజలో రాస్తుంది; మిర్చి చెక్కుచెదరదు.

"పేరెంట్ ఇనిట్‌లో పెట్టినవి అడగకుండానే వస్తాయి." ఇనిట్ అంటే క్లాసు నుంచి ఆబ్జెక్టు (ఆ నమూనా ప్రకారం తయారైన వస్తువు) పుట్టగానే నడిచే మెథడ్, అంటే క్లాసులో రాసుకున్న పని. నోట్సు మాట నిజమయ్యేది చైల్డ్ తన ఇనిట్ రాసుకోనంత వరకే. రాసుకున్నాక పైథాన్‌లో పేరెంట్ ఇనిట్‌ను సూపర్‌తో మనమే పిలవాలి. పిలవకపోతే ఆ అట్రిబ్యూట్ అడిగిన చోట ఎర్రర్ వస్తుంది. జావా అనే మరో భాషలో మనం రాయకపోతే అలాంటి పిలుపును కంపైలరే (మన కోడును అనువదించే ప్రోగ్రామే) చేరుస్తుంది.

"ప్రైవేట్ అట్రిబ్యూట్లు చైల్డ్‌కు రానే రావు." చైల్డ్ కోడులో ఆ పేరు వాడలేమన్నంత వరకు జావాలో ఇది సరే. కానీ చైల్డ్ ఆబ్జెక్టులో ఆ ఫీల్డుకు (జావాలో అట్రిబ్యూట్ పేరు ఇది) చోటు ఉంటుంది, పేరెంట్‌లోని పబ్లిక్ మెథడ్‌తో దాని విలువ తెచ్చుకోవచ్చు. పైథాన్‌లో ఆ మాత్రం కట్టడి కూడా లేదు. ముందు రెండు అండర్‌స్కోర్లు పెడితే ఆ పేరుకు ముందు క్లాసు పేరు చేరుతుంది, అంతే.

"ఇవన్నీ అన్ని భాషల్లోనూ ఒకటే." జావాలో మిర్చికీ తేజకూ తరుగు అనే ఫీల్డు విడివిడిగా రాసి, మిర్చి టైపు వేరియబుల్‌లో తేజ ఆబ్జెక్టును ఉంచండి. తరుగు అడిగితే మిర్చి విలువ వస్తుంది! ఫీల్డు ఎవరిదో ప్రకటించిన టైపును బట్టి తేలుతుంది. తేజలో తిరిగి రాసిన మెథడ్‌ను అదే వేరియబుల్ మీద పిలిస్తే మాత్రం తేజదే నడుస్తుంది. పైథాన్‌లో ఫీల్డుకూ మెథడ్‌కూ ఈ తేడా లేదు, రెండింటికీ వెతుకులాట ఆ ఆబ్జెక్టు నుంచే మొదలవుతుంది.