లైసెన్సు చూడనిదే పెళ్ళి జరిపించవద్దు

న్యూయార్క్ నగరంలోని ఫ్లషింగ్‌లో ఒక పెళ్ళి, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఒక పెళ్ళి జరిగాయనుకుందాం. పురోహితుడు ఒకరే. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, సప్తపది ఏదీ తక్కువ కాలేదు. రెండు జంటలూ పెళ్ళికి ముందే ప్రభుత్వ ఆఫీసు నుంచి తెచ్చుకోవాల్సిన మ్యారేజ్ లైసెన్సు మాత్రం తీసుకోలేదు. ఎడిసన్‌లో పెళ్ళాడినవాళ్ళు చట్టం లెక్కలో అసలు పెళ్ళాడనట్టే. 1939 డిసెంబరు 1 నుంచి లైసెన్సు లేకుండా జరిగిన ఏ వివాహమూ చెల్లదని న్యూజెర్సీ చట్టం తేల్చి చెప్పింది. ఫ్లషింగ్‌లో పెళ్ళాడినవాళ్ళ సంగతి వేరు. వయసొచ్చిన ఇద్దరు పద్ధతి ప్రకారం చేసుకున్న పెళ్ళి, లైసెన్సు లేదన్న ఒక్క కారణంతో రద్దయిపోదని న్యూయార్క్ గృహ సంబంధాల చట్టం 25వ సెక్షన్ చెబుతోంది. ఇంకా రిజిస్టరు కాలేదు కాబట్టి ప్రభుత్వం దృష్టిలో మాకు పెళ్ళి కానట్టేనని వాళ్ళు అనుకుంటూ ఉండవచ్చు. రేపు తగాదా వచ్చి కోర్టుకెక్కితే, మీరు భార్యాభర్తలేనని జడ్జి తేల్చే అవకాశం ఉంది.

హడ్సన్ నదికి ఇటొక న్యాయం, అటొక న్యాయం. ఒకే మంత్రాలు చెప్పించుకున్న రెండు జంటల్లో ఒకరు పెళ్ళయిందనుకుంటున్నారు, కాలేదు. ఇంకొకరు కాలేదనుకుంటున్నారు, అయి ఉండవచ్చు.

మా గుడిలో కల్యాణ మంటపం బుకింగులు చూసే వాలంటీర్లలో నేనొకదాన్ని. తేదీ కోసం ఫోన్ చేసే తల్లిదండ్రులు డెకరేషన్ గురించి, భోజనాల గురించి, హోమం పొగకు ఫైర్ అలారం మోగుతుందేమోనన్న భయం గురించి వివరంగా మాట్లాడతారు. లైసెన్సు మాట నేనెత్తాలి. ఎత్తితే ఎక్కువమంది నుంచి వచ్చే జవాబు, "అది పెళ్ళయ్యాక చూసుకుంటాం లెండి."

ఆ "పెళ్ళయ్యాక" అన్నదే నా బెంగ. అది నిర్లక్ష్యంతో అనే మాట కాదు. మనం పెరిగిన పద్ధతే అది. హిందూ వివాహ చట్టం, 1955 ప్రకారం పెళ్ళికి ఆయువుపట్టు తంతులోనే ఉంది. సప్తపది ఆచారం ఉన్నవాళ్ళకు ఏడో అడుగు పడగానే వివాహం పూర్తయినట్టని 7వ సెక్షన్ చెబుతుంది. రిజిస్ట్రేషన్ ఆ తరవాతి మాట. శుభలేఖ, ఫోటోలు పట్టుకుని, సాక్షులను వెంటబెట్టుకుని రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళితే, జరిగిపోయిన పెళ్ళిని నమోదు చేసి సర్టిఫికెట్ ఇస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నమోదును తప్పనిసరి చేస్తూ 2002లోనే చట్టం వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ అదే చేయమంది. అయినా నమోదు కానంత మాత్రాన హిందూ వివాహం చెల్లకుండా పోదు. 2024లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, చేతిలో సర్టిఫికెట్ ఉన్నా తంతు జరగకపోతే అది హిందూ వివాహం కాదని చెప్పింది. అలాంటి దేశం నుంచి వచ్చినవాళ్ళకు కాగితం తరవాత చూసుకోవచ్చు అనిపించడంలో వింతేమీ లేదు.

అమెరికాలో వరస తలకిందులు. ఇక్కడి లైసెన్సు జరిగిన పెళ్ళికి రసీదు కాదు, జరగబోయే పెళ్ళికి అనుమతి. వధూవరులు ముందుగా వెళ్ళి దాన్ని తీసుకోవాలి. పెళ్ళి జరిపించే అధికారం ఉన్న వ్యక్తి ఆ కాగితం చూసి పెళ్ళి జరిపించాలి, సంతకం చేసి ఆఫీసుకు తిరిగి పంపాలి. అది చేరాకే సర్టిఫికెట్ పుడుతుంది. వారం తరవాత కౌంటర్ దగ్గరికి వెళ్ళి "మొన్న శనివారం మా పెళ్ళయింది, రాసుకోండి" అంటే రాసుకునే వీలు చాలా రాష్ట్రాల్లో లేదు. కొత్తగా లైసెన్సు తీసుకుని, మళ్ళీ పెళ్ళి చేసుకోవాలి. చట్టం లెక్కలో ఆ రెండోదే మీ పెళ్ళిరోజు. టెక్సాస్ లాంటి కొన్ని చోట్ల లైసెన్సు లేని కాపురాన్ని కూడా వివాహంగా ప్రకటించుకునే దారి ఉంది. దాన్ని నమ్ముకుని పిల్ల పెళ్ళి పెట్టుకోమని నేను మాత్రం ఎవరికీ చెప్పను.

రాష్ట్రానికో నియమం ఉంది కాబట్టి ముహూర్తం పెట్టించేటప్పుడే ఇది కూడా చూసుకోవాలి. న్యూయార్క్‌లో లైసెన్సు ఇచ్చిన గంట నుంచి 24 గంటలు ఆగాలి, ఆ లైసెన్సు 60 రోజులు పనిచేస్తుంది. టెక్సాస్‌లో మామూలుగా 72 గంటలు ఆగాలి, గడువు 90 రోజులు. న్యూజెర్సీలోనూ 72 గంటలే. కాలిఫోర్నియాలో ఆగనక్కర్లేదు. ఇండియా నుంచి తల్లిదండ్రులు దిగిన హడావుడిలో గురువారం సాయంత్రం గుర్తొచ్చి, శుక్రవారం టౌన్ హాలుకు పరిగెత్తితే శనివారం ముహూర్తానికి న్యూజెర్సీలో లైసెన్సు చేతికి రాదు. ఒక రాష్ట్రంలో తీసుకున్న లైసెన్సు ఇంకో రాష్ట్రంలో పనికిరాదన్నది కూడా మనవాళ్ళు తరచూ మరిచిపోయే సంగతి. ఉండేది న్యూజెర్సీలో, మంటపం దొరికింది పెన్సిల్వేనియాలో అయితే లైసెన్సు పెన్సిల్వేనియాలోనే తీసుకోవాలి.

పురోహితుడికి అధికారం ఉందా అన్నది మరో ప్రశ్న. న్యూయార్క్ నగరంలో పెళ్ళి జరిపించేవారు సిటీ క్లర్క్ దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. వర్జీనియాలో మతగురువులు సర్క్యూట్ కోర్టు అనుమతి తీసుకోవాలి. మీరు ఎంతో గౌరవంతో వేరే రాష్ట్రం నుంచి పిలిపించుకున్న శాస్త్రిగారికి ఆ నమోదు లేకపోవచ్చు. అడగడానికి మొహమాటపడవద్దు, అది ఆయన పాండిత్యాన్ని శంకించడం కాదు. మన ముహూర్తాలకే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది. శుభలేఖలో శనివారం రాత్రి ఒంటిగంటా నలభై నిమిషాలని వేస్తాం. లైసెన్సు మీద మాత్రం ఆదివారం తేదీయే రాయాలి. సంతకాలు చేసేవాళ్ళు నిద్రమత్తులో ఉండే వేళ అది. తేదీ తప్పు పడితే సవరణ కోసం మళ్ళీ ఆఫీసు చుట్టూ తిరగాలి.

ఇవన్నీ దిద్దుకోగల పొరపాట్లు. దిద్దుకోలేనిది, అసలు లైసెన్సే లేని పెళ్ళి. దాని బరువు దాదాపు ఎప్పుడూ ఆడపిల్ల మీదే పడుతుంది.

మా గుడికి వచ్చే ఒకమ్మాయి మూడేళ్ళ కాపురం తరవాత విడిపోయింది. ఇల్లు అతని పేరున ఉంది, డౌన్ పేమెంట్‌లో ఆమె జీతం ఉంది. విడాకులకని లాయరు దగ్గరికి వెళితే ముందు మ్యారేజ్ సర్టిఫికెట్ అడిగారు. ఆమె పెళ్ళి ఆల్బమ్ తీసుకెళ్ళింది. లైసెన్సు లేనప్పుడు న్యూజెర్సీలో ఆల్బమ్ సాక్ష్యం కాదు. భార్యాభర్తల మధ్య ఆస్తి పంపకానికి, భరణానికి ఉన్న నియమాలేవీ ఆమెకు వర్తించలేదు. ఇద్దరు అపరిచితులు కలిసి ఇల్లు కొంటే వచ్చే తగాదాలాగా నడిచింది ఆ వ్యవహారం.

ఇంగ్లండ్‌లో ఇదే సమస్య అప్పీలు కోర్టు దాకా వెళ్ళింది. 1998లో లండన్‌లో నిఖా చేసుకుని, నలుగురు పిల్లలను కన్న ఒక జంట కేసు అది. సివిల్ పెళ్ళి కూడా చేసుకుందామని భార్య అడుగుతూ వచ్చినా అది జరగలేదు. 2020లో కోర్టు, అది చెల్లని పెళ్ళి కూడా కాదు, చట్టం గుర్తించే పెళ్ళే కాదు అని తేల్చింది. చెల్లని పెళ్ళి అయినా అక్కడ భార్యకు ఆస్తి, భరణం అడిగే దారి ఉంది. పెళ్ళే కాకపోతే ఆ దారి కూడా మూసుకుపోతుంది. అంతకు ముందు, లండన్‌లో ఒక రెస్టారెంట్‌లో బ్రాహ్మణ పురోహితుడు జరిపించిన హిందూ వివాహం విషయంలోనూ అక్కడి కోర్టు ఇదే మాట అంది. ఇది ఏదో ఒక మతానికో, మరొకరి ఇంటికో సంబంధించిన గొడవ కాదు.

భర్త చనిపోతే పరిస్థితి ఇంకా ఘోరం. సోషల్ సెక్యూరిటీ వితంతు పింఛనుకు సాధారణంగా కనీసం 9 నెలల చట్టబద్ధ వివాహం ఉండాలి. వీలునామా రాయకుండా పోయినవాడి ఆస్తిలో భార్యకు వాటా రావాలంటే చట్టప్రకారం భార్య అయి ఉండాలి. హెచ్-1బీ ఉద్యోగి జీవిత భాగస్వామికి ఇచ్చే హెచ్-4 వీసాకు, గ్రీన్ కార్డు పిటిషన్‌కు, ఆఫీసు ఇన్సూరెన్స్‌లో పేరు చేర్చడానికి అన్నిటికీ అడిగేది ఆ ఒక్క కాగితమే.

కావాలనే లైసెన్సు వాయిదా వేసేవాళ్ళూ ఉన్నారు. వీళ్ళతో నేను గట్టిగానే విభేదిస్తాను. గ్రీన్ కార్డు ఉన్న తండ్రి, పెళ్ళికాని కొడుకు కోసం పెట్టిన పిటిషన్ ఆ కొడుక్కి పెళ్ళయితే రద్దవుతుంది. అందుకని "గుళ్ళో పెళ్ళి చేసేద్దాం, కాగితం తరవాత చేద్దాం" అంటారు. పెళ్ళి ఇండియాలో చేసి, రిజిస్ట్రేషన్ చేయించకుండా ఊరుకుంటే కొడుకు ఇంకా పెళ్ళికానివాడే అనుకునేవాళ్ళు ఇంకొందరు. ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది. అమెరికా ఇమ్మిగ్రేషన్ అధికారులు పెళ్ళి ఎక్కడ జరిగిందో అక్కడి చట్టం ప్రకారమే అది వివాహమా కాదా అని చూస్తారు. తిరుమలలో సప్తపదితో జరిగిన పెళ్ళి, సర్టిఫికెట్ లేకపోయినా, వివాహమే. ఆ తరవాత ఫారంలో "సింగిల్" అని రాస్తే అది తప్పుడు సమాచారం. దాన్నిబట్టి ఈ దేశంలో శాశ్వతంగా ప్రవేశం నిరాకరించే నిబంధన ఉంది. పిల్లవాడి భవిష్యత్తు కోసమే చేశామని తల్లిదండ్రులు అంటారు. ఆ సంతకం పెట్టేది పిల్లవాడే.

మేనరికాల గురించి కూడా ఒక మాట చెప్పాలి. మనకు ఆచారం ఒప్పుకున్న సంబంధం కాబట్టి హిందూ వివాహ చట్టమూ ఒప్పుకుంటుంది. టెక్సాస్‌లో మాత్రం 2005 నుంచి మేనమామ కూతురినో, మేనత్త కొడుకునో పెళ్ళాడటం నిషిద్ధం. న్యూయార్క్, కాలిఫోర్నియా అభ్యంతరం చెప్పవు. ఇలాంటి సంబంధం అనుకుంటున్నప్పుడు మంటపానికి అడ్వాన్సు ఇవ్వకముందే ఇమ్మిగ్రేషన్, కుటుంబ చట్టాలు రెండూ తెలిసిన లాయరును కలవండి.

ఈమధ్య కాన్‌కూన్ పెళ్ళిళ్ళు ఎక్కువయ్యాయి. మెక్సికోలో సివిల్ రిజిస్ట్రీలో జరిగే పెళ్ళికే చట్టంలో విలువ, మతపరమైన తంతుకు లేదు. అక్కడ పెళ్ళి చేసుకోవాలనుకునేవాళ్ళు ముందే ఇక్కడ తమ ఊరి ఆఫీసులో చట్టబద్ధంగా చేసుకుని వెళ్ళడం సులువు. రెండు తేదీలుంటాయని పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు, నిజమే. చట్టానికి ఒకటి, మనసుకు ఒకటి ఉంటే తప్పేముంది?

ఇంత చెప్పాక పురోహితులూ, గుడి ట్రస్టీలూ అనే మాట నాకు తెలుసు. "మేం దేవుడి పని చేసేవాళ్ళం, కాగితాలు చూడటం మా పని కాదు." కానీ ఇక్కడి చట్టం ఆ పనిని పెళ్ళి జరిపించేవారి మీదే పెట్టింది. న్యూయార్క్‌లో లైసెన్సు చూడకుండా పెళ్ళి జరిపించిన మతగురువుకు జరిమానా గానీ, ఏడాది దాకా జైలు గానీ పడవచ్చు. న్యూజెర్సీలోనూ అది శిక్షార్హమే. మన గుళ్ళలో పనిచేసే పురోహితుల్లో చాలామంది మతపరమైన పనికోసం ఇచ్చే ఆర్-1 వీసా మీద వచ్చినవారు. ఒక్క నేరారోపణ వారి ఉద్యోగాన్నీ, ఇక్కడే చదువుకుంటున్న వారి పిల్లల జీవితాన్నీ తారుమారు చేయగలదు. పెళ్ళివారు మొహమాటపెడితే కాదనలేని స్థితిలో వారిని ఒంటరిగా వదిలేయడం అన్యాయం. "గుడి నియమమండీ, నా చేతిలో లేదు" అని చెప్పుకునే ఆసరా వారికి మనమే ఇవ్వాలి.

పెళ్ళయ్యాక లైసెన్సును తిరిగి పంపే గడువు న్యూయార్క్, న్యూజెర్సీల్లో 5 రోజులు, టెక్సాస్‌లో 30 రోజులు. కవరు పురోహితుడి సంచిలోనే ఉండిపోయి, ఆయన మరో ఊరికి పెళ్ళికి వెళ్ళిపోవడం కొత్తేమీ కాదు. గుడి ఇచ్చే అందమైన సర్టిఫికెట్‌ను అసలుదనుకుని ఫ్రేము కట్టించుకున్న కుటుంబాలూ ఉన్నాయి. పాస్‌పోర్టుకైనా, భారత మూలాలున్న విదేశీ పౌరులకు, వారి జీవిత భాగస్వాములకు ఇండియా ఇచ్చే ఓసీఐ కార్డుకైనా ప్రభుత్వం ఇచ్చినదే కావాలి. భర్తో, భార్యో ఆధారంగా ఓసీఐ అడిగేవారి పెళ్ళి రిజిస్టరై, కనీసం రెండేళ్ళుగా కొనసాగుతూ ఉండాలని భారత పౌరసత్వ చట్టమే చెబుతోంది. ఇండియాలో వాడుకోవాలంటే సర్టిఫికెట్ ఇచ్చిన రాష్ట్రం నుంచి అపోస్టిల్, అంటే వేరే దేశంలో చెల్లేలా ధ్రువీకరించే ముద్ర, వేయించుకోవాలి.

వచ్చే సర్వసభ్య సమావేశంలో నేను ఒక తీర్మానం పెట్టబోతున్నాను. మంటపం బుకింగ్ ఫారంలో మూడు గడులు చేర్చాలి: లైసెన్సు నంబరు, దాని గడువు తేదీ, పెళ్ళయ్యాక దాన్ని ఎవరు పోస్టు చేస్తారు. ముహూర్తానికి మూడు రోజుల ముందు మొదటి రెండూ నిండకపోతే, కుటుంబంతో ఆఫీసు నుంచే మాట్లాడాలి. ముందే ఇక్కడ చట్టప్రకారం పెళ్ళయినవాళ్ళు ఆ సర్టిఫికెట్ చూపిస్తే సరిపోతుంది, ఇండియాలో పెళ్ళయినవాళ్ళు అక్కడి రిజిస్ట్రేషన్ కాపీ తేవచ్చు. లైసెన్సు తీసుకోవడానికి న్యూజెర్సీలో అయ్యే ఫీజు 28 డాలర్లు. అది కూడా భారమైన విద్యార్థి జంటలెవరైనా ఉంటే సంఘం నిధి నుంచి ఇవ్వాలని తీర్మానంలో రాశాను. దాన్ని బలపరచడానికి ఇంకొక సభ్యుడి సంతకం కావాలి.