సంప్రదాయం గారు ఎవరండీ?

మొన్న మన తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో, పచ్చడి పంచడం అయిపోయి పులిహోర ఇంకా రాని వేళలో, తొమ్మిదేళ్ళ పాప ఒకతె వేదికెక్కి అన్నమయ్య కీర్తన ‘బ్రహ్మ కడిగిన పాదము’ పాడింది. ముఖారి రాగం. ఆ వయసుకు అంత నిదానం ఎక్కడ పట్టుబడిందో గానీ, గోలగోలగా ఉన్న హాలు రెండు నిమిషాలు నోరు మూసుకుంది. రెండు నిమిషాలే. సినిమా పాటల డాన్సు వాళ్ళు తెర పక్కన తొందరపడుతుంటే, ఆఖరి చరణం మిగిలుండగానే చప్పట్లు కొట్టించేశారు. టైము బాధలు నాకు తెలుసు, కల్చరల్ కమిటీలో నేనూ రెండేళ్ళు చేశాను. గుచ్చుకున్నది అది కాదు, వెనక తెర మీది అక్షరాలు: ‘రచన, సంగీతం: సంప్రదాయం’.

ఆ సంప్రదాయం గారు ఏ ఊరివారో కనుక్కుందామని స్లైడ్లు చేసిన కుర్రాణ్ణి పట్టుకున్నాను. “అన్నా, పాత పాటలన్నిటికీ అదే ఉంది, మీరు చేసిన ఫైలే గదా” అన్నాడు. నిజమే. నేను చేసిందే.

మాది అనంతపురం, పాతూరు. ఇంట్లో సుబ్బులక్ష్మి గారి క్యాసెట్ ఒకటి ఉండేది. 1980 ప్రాంతంలో తిరుమల దేవస్థానం ఐదు ఎల్పీ రికార్డులుగా తెచ్చిన ‘బాలాజీ పంచరత్నమాల’ లోంచి కొన్ని అన్నమయ్య కీర్తనలు, టవర్ క్లాక్ దగ్గర ఒక అంగట్లో నాయన ఎక్కించుకొచ్చినవి. వాటిని మేము చేతులు కట్టుకొని భక్తిగా విన్నట్టు ఇక్కడి పిల్లలకు చెబుతుంటాం. ఉత్తదే! మా వీధిలో కొళాయి నీళ్ళు రెండు రోజులకోసారి, తెల్లారుజామున వచ్చేవి. నీళ్ళొచ్చిన రోజే క్యాసెట్ మోగేది, మమ్మల్ని లేపడానికి. బిందెల చప్పుడు, నీళ్ళ దగ్గర పక్కింటివాళ్ళతో పేచీ, నడుమ ఆ గొంతు. “లేయండ్రా, ఆయమ్మ పాడబట్టి ఎంతసేపాయ!” అని మా జేజి. కూర్చొని విన్న పాపాన ఎవరూ పోలేదు. అయినా నలభై ఏళ్ళ తర్వాత, ఇక్కడ ఆదివారం పొద్దున అంట్లు సర్దుకుంటూ నేను పెట్టుకునేవి ఆ పాటలే, ఆ వరుసలోనే.

ఒక వైపు అరగంటే పట్టేది. దాంతో చివరి పాట ‘నానాటి బతుకు’ పూర్తిగా ఎక్కలేదు. ‘నగి నగి కాలము నాటకము’ దగ్గర టక్కుమని బటన్ పైకి లేచేది. ఆ తర్వాత వేంకటేశ్వరుడున్నాడనీ, గగనము మీది కైవల్యముందనీ కాలేజీ చదువు అయిపోయేదాకా నాకు తెలీదు. జేజికైతే అసలు తెలీదు. “నాటకమే గదప్పా, ఇంగేముంది” అనేది. ఇప్పటికీ ఎవరైనా పూర్తిగా పాడితే, చివర ఏదో అతికించినట్టే ఉంటుంది నాకు.

ఇంత ప్రేమ ఉండి కూడా ఆ బాణీ ఎవరిదని ఏనాడూ అడగలేదు. వాగ్గేయకారుడంటే మాటా పాటా రెండూ కట్టేవాడు, కాబట్టి అన్నీ అన్నమయ్యవే అనుకున్నాను. ఆయన కట్టారు కూడా. కానీ ఆయన పాటలు చెక్కిన తిరుమల రాగిరేకుల మీద మనకు దక్కింది సాహిత్యం, దాని పైన రాగం పేరు. స్వరాలు లేవు. 1408లో తాళ్ళపాకలో పుట్టిన మనిషి ఏ వరుసలో పాడాడో ఆ రేకులు చెప్పవు. మన చెవుల్లో ఉన్న బాణీలు దాదాపు అన్నీ ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవే. ‘నానాటి బతుకు’కు రేవతి రాగంలో నేదునూరి కృష్ణమూర్తి గారు. ‘వినరో భాగ్యము’కు గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు. మన పాప పాడిన ముఖారి బాణీ రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారిది.

ఈ చివరాయన మా జిల్లా మనిషి. 1893లో కళ్యాణదుర్గం వైపు రాళ్ళపల్లిలో పుట్టారు. మైసూరు మహారాజా కాలేజీలో దశాబ్దాల పాటు తెలుగు పాఠాలు చెప్పారు, ప్రాకృత గాథల్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. ఆ తర్వాత, మామూలుగా మనుషులు విశ్రాంతి తీసుకునే వయసులో, తిరుపతికి పోయి రేకుల్లోని పాటల్ని పరిష్కరించే పనికి కూర్చున్నారు. వందకు పైగా పాటలకు బాణీలు కట్టారు. 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. కళ్యాణదుర్గం బస్సు నేను ఎన్ని పెళ్ళిళ్ళకు ఎక్కానో! ఒక్కరూ ఆయన పేరు చెప్పలేదు. మా సీమలో ఫ్యాక్షన్ కథలైతే అడక్కుండానే చెబుతారు.

బాణీ కట్టినవాళ్ళ పేర్లు తెర మీద వద్దనే కమిటీ మిత్రుల మాటలోనూ న్యాయం ఉంది. ఒక్కో పాటకు రెండు మూడు బాణీలుంటాయి, తప్పు పేరు పడితే అదో తంటా. దేవుడి పాటకు మనుషుల పేర్లెందుకన్న పెద్దాయన ఉద్దేశమూ మంచిదే. కానీ అన్నమయ్యకు పాట చివర వేంకటేశ్వరుడి పేరును తన సంతకంలా ముద్ర వేసుకునే చోటుంది. బాణీ కట్టినవాళ్ళకు పాట లోపల ఎక్కడా చోటు లేదు, ఉన్నదల్లా ఆ తెర. ఇళ్ళమ్మే స్పాన్సరు గారి ఫోటో ఆ సాయంత్రం అదే తెర మీద నాలుగుసార్లు పడింది. వారి మీద నాకు కోపం లేదు, పులిహోర వారిదే.

వైశాఖ పౌర్ణమికి అన్నమయ్య జయంతి చేస్తున్నాం కదా. దయచేసి ఆ రోజుకు రెండు గడులు పెట్టండి: రచన, బాణీ. తెలియకపోతే పిల్లలకు నేర్పిన గురువుగారిని అడగండి. అప్పటికీ తెలియకపోతే గడి ఖాళీగా వదిలేయండి, ‘సంప్రదాయం’ మాత్రం వద్దు. ఆఖరి చరణం కూడా పాడనివ్వండి, ముద్ర ఉండేది అక్కడే. ఫైలు నేనే సరిచేసి పంపుతాను, పాపం నాదే కాబట్టి.

ఆ పాపకు భోజనాల దగ్గర ఇదంతా చెప్పాను. ప్లేటు పట్టుకొని ఓపిగ్గా విని, “రాళ్ళపల్లి అంటే ఊరా, మనిషా అంకుల్?” అంది.

“రెండూనమ్మా.”

“అంత పెద్ద పేరు తెర మీద పడుతుందా?”

“చిన్న అక్షరాలు పెడదాంలే” అన్నాను.