సిరొంచ విలేకరి వెనుక ఎవరున్నారు?

2025 జనవరి 1న అదృశ్యమైన ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ విలేకరి ముకేశ్ చంద్రాకర్ మృతదేహం రెండు రోజుల తరువాత సెప్టిక్ ట్యాంకులో దొరికినప్పుడు, ఇంద్రావతి నదికి ఈవల మహారాష్ట్రలో ఉన్న సిరొంచలో అది పొరుగు రాష్ట్రపు వార్తలా వినిపించలేదు. గంగాలూరు రోడ్డు పనుల్లో అవకతవకలను ఆయన బయటపెట్టారు. హత్య కేసులో అరెస్టయినవారిలో ఆ రోడ్డు కాంట్రాక్టరు కూడా ఉన్నారు.

మన సరిహద్దు విలేకరుల్లో చాలామందికి నెల జీతం లేదు, తెచ్చిన ప్రకటనల మీద వచ్చే కమీషనే ఆదాయం. పండుగకో, నాయకుడి పుట్టినరోజుకో ప్రకటన ఇవ్వగలిగేది ఎక్కువగా కాంట్రాక్టర్లే గనుక, ఎవరి బిల్లును ప్రశ్నించాలో వారినే అడుక్కోవలసి వస్తుంది. దీన్ని విలేకరి నిజాయితీ లోపమని తేల్చేయడం అన్యాయమని నా అభిప్రాయం.

రోడ్డు బిల్లులో మోసం నిరూపించాలంటే అంచనాలు, టెండరు ఒప్పందం, కొలతల పుస్తకం, చెల్లింపుల వివరాలు పక్కపక్కన పెట్టి చదవాలి, ఆపైన రోడ్డు మీదికి వెళ్లి టేపుతో కొలవాలి. సమాచార హక్కు దరఖాస్తుకు అయ్యేది రూ.10 మాత్రమే. కానీ 30 రోజుల గడువు దాటాక వేసే అప్పీళ్లు, మరాఠీ కాగితాల్లోని లెక్కలు విప్పిచెప్పే ఇంజనీరు, ప్రచురణకు ముందు ప్రతి వాక్యాన్నీ పరిశీలించే న్యాయవాది, అన్ని నెలలూ ఇల్లు గడవడం, అసలు ఖర్చంతా వీటిదే.

సమాచారం ఇచ్చేవారి పరిస్థితి ఇంకా కష్టం. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ ప్రకారం లంచం ఇవ్వడమూ నేరమే. బలవంతం మీద ఇచ్చినవారు 7 రోజుల్లో అధికారులకు ఫిర్యాదు చేస్తేనే రక్షణ. ఎనిమిదో రోజున విలేకరి గడప తొక్కిన రైతు తన పేరు ఎలా చెప్పుకోగలడు? అక్రమాలు బయటపెట్టేవారి రక్షణకు 2014లో చేసిన చట్టం అమల్లోకే రాలేదు. మహారాష్ట్ర 2017లో తెచ్చిన పాత్రికేయుల రక్షణ చట్టం దాడికి మూడేళ్ల వరకు శిక్ష వేస్తుంది, అదీ దాడి జరిగిన తరువాత.

అందుకే సిరొంచ, అహేరి, బల్లార్షా తెలుగువారు నెలకు యాభై రూపాయలైనా వేసుకుని పాఠకుల నిధి ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. కాంట్రాక్టర్ల, పార్టీల సొమ్ము అందులో చేరకూడదు, జమాఖర్చులు అందరికీ కనబడాలి, ఏ వార్త రాయాలో చెప్పే అధికారం దాతకు ఉండకూడదు. మొదటి ఖర్చు న్యాయవాది ఫీజు కావాలి. రెండోది అనువాదం: ఒకే పరిశోధన తెలుగు, మరాఠీ, హిందీ పత్రికల్లో ఒకే రోజున వస్తే, ఒక్క విలేకరి నోరు మూయించినంత మాత్రాన ఆ వార్త ఆగదు.