ఎడమ పెడల్

కూకట్‌పల్లిలో ఉంటూ సైకిల్ తొక్కాలంటే ముందు కారు ఉండాలి. నమ్మరేమో గానీ, మా బృందం ఆదివారాలు ఇలాగే గడుస్తాయి. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, సైకిల్ ముందు చక్రం ఊడదీసి, దాన్ని కారు వెనక సీట్లో పడుకోబెట్టి నార్సింగి వెళ్తాం. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల ట్రాక్ ఉంది కదా, పైన సోలార్ కప్పుతో. ఆ నీడలో కొల్లూరు వైపు కాసేపు తొక్కి, ఇడ్లీ తిని, నగరంలో సైకిళ్లకు దారే లేదని బాధపడి, మళ్లీ కారెక్కి ఇంటికొస్తాం.

జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు, ఆ బాధ కాస్త ఎక్కువైంది. "సమాజానికి మనమూ ఏదో ఒకటి తిరిగి ఇవ్వాలండీ" అన్నారు మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు. సెల్లార్‌లో దుమ్ముకొట్టుకుపోయిన సైకిళ్లను బాగుచేసి, బడులు తెరిచాక దగ్గర్లోని సర్కారు బడి పిల్లలకు ఇద్దామని తీర్మానం. బాగుచేసేదెవరు? హెల్మెట్, గ్లవ్స్ నా దగ్గరున్నాయి కాబట్టి నేనే.

మొత్తం తొమ్మిది తేలాయి. ఎనిమిదింటి యజమానులు ఇప్పుడు అమెరికాలో కార్లు నడుపుతున్నారు. తొమ్మిదోది నల్ల రాడ్డు సైకిల్. ఎవరిదని అడిగితే, మా వాచ్‌మన్ చెల్లెలి పెళ్లికి ఊరెళ్లాడని అతని బదులు వచ్చిన కుర్రాడు "నాకు తెల్వద్ సార్" అన్నాడు. ఎవరిదీ కాదని రాసుకున్నాను.

దాని ఎడమ పెడల్ సగం విరిగి ఉంది. కొత్తది తెచ్చాను. పాతది ఊడితే కదా! పానా పట్టి, సీసా మూత తిప్పినట్టే ఎడమకు తిప్పాను. కదల్లేదు. కొబ్బరినూనె పోశాను. కదల్లేదు. యూట్యూబ్‌లో ఒకాయన తేలిగ్గా ఊడదీసి చూపించాడు, కానీ అది కుడి పెడల్ అని నాకు తర్వాత తెలిసింది. చివరికి పానాకు ఇనుప గొట్టం తొడిగి, దాని మీదెక్కి నిలబడ్డాను. నా బరువు 82 కిలోలు. పానా జారింది, నేను జారాను, సైకిల్ పక్క సైకిల్ మీద, అది దాని పక్కదాని మీద పడి, ఆఖరిది సెక్రటరీ గారి కారును ముద్దాడింది. కారు కెవ్వుమంది.

ఎదురుగా ఉన్న పంక్చర్ షాపతను ఆ మోత విని వచ్చాడు. పెడల్ చూశాడు, నన్ను చూశాడు.

"సార్, ఎడమది ఉల్టా ఉంటది. తొక్కుతుంటే ఊడిపోకుండ అట్ల చేస్తరు. రెండు గంటల సంది మీరు విప్పుతలేరు, బిగిస్తున్నరు."

అతను కుడికి ఒక్కసారి తిప్పాడు. పెడల్ వచ్చింది, దాంతోపాటు లోపలి మరల పొడి కూడా కొంచెం రాలింది. "కొత్తది జర లూజ్ కూసుంటది" అన్నాడు. నేను పట్టించుకోలేదు. ఎర్ర రంగు వేయించాను కదా, రంగు కింద అన్నీ కొత్తవే అనుకున్నాను.

ఆదివారం ఫొటోలు దిగి, ఆ ఎర్ర సైకిల్‌ను తొమ్మిదో తరగతి కుర్రాడికి అందించాను. సాయంత్రం వాచ్‌మన్ పెళ్లి లడ్డూలతో దిగాడు.

"సార్, నా సైకిల్ ఏది? రేపు పొద్దున పాలకు పోవాలె."

మా వాటర్ క్యాన్లు, ఇస్త్రీ బట్టలు, పాలు అన్నీ ఏళ్ల తరబడి ఆ సైకిల్ మీదే వచ్చేవట. సైకిల్ ఉద్యమంలో ఉన్న నా కంట్లో అది ఒక్కరోజూ పడలేదు.

పిల్లాడి దగ్గర్నుంచి ఊరికే లాక్కుంటామా? మర్నాడు నా 24 గేర్ల సైకిల్ తీసుకెళ్లి, దీన్ని ఉంచుకుని అది ఇచ్చెయ్యమన్నాను. వాడు చుట్టూ తిరిగి చూశాడు.

"అంకుల్, దీనికి స్టాండ్ లేదు. క్యారియర్ లేదు. మా చెల్లె ఏడ కూసుంటది?"

"ఇరవై నాలుగు గేర్లున్నాయి బాబూ!"

"బడి దగ్గర్నే అంకుల్."

పంక్చర్ షాపులో స్టాండ్, క్యారియర్, బెల్, మడ్‌గార్డులు బిగించాకే మార్పిడికి ఒప్పుకున్నాడు. మా ఆవిడకు చెబితే, "బాల్కనీలో తువ్వాళ్లు ఇక దేని మీద ఆరేయాలి?" అంది.

వాచ్‌మన్ సైకిల్ ఎర్రగా తిరిగి ఇల్లు చేరింది. రెండ్రోజులకోసారి గేటు దగ్గర ఠంగుమని ఎడమ పెడల్ పడిపోతుంది. పంక్చర్ షాపతను పానా పట్టుకుని వస్తాడు. ఏ వైపు తిప్పాలో ఇప్పుడు నాకు బాగా తెలుసు. కానీ అతను పానా నా చేతికివ్వడం లేదు.