పార్కింగ్ వేలంపాటలు ఆపితేనే అద్దె సైకిళ్లు వస్తాయి

విజయనగరం గంటస్తంభం దగ్గర పొద్దున్న పది గంటలకల్లా దుకాణాల ముందు బళ్లు బారులు తీరిపోతాయి. ముందు చక్రం కాలువ పలకల మీద, వెనక చక్రం రోడ్డు మీద. వాటిలో చాలా బళ్లు కొనడానికి వచ్చినవాళ్లవి కావు. షాపు యజమానులవి, అక్కడ పనిచేసేవాళ్లవి. పొద్దున్న పెట్టిన బండి రాత్రి షట్టరు దించేదాకా కదలదు. సరుకు కోసం వచ్చినవాళ్లు వీధిలో రెండు చుట్లు తిరిగి, చోటు దొరక్క నడిరోడ్డు మీదే ఆపుతారు. చలానా పడేది వాళ్లకే.

దీనికి మన పురపాలక సంస్థలకు బాగా అలవాటైన మందు వేలంపాట. సంతలో ఆశీలుకు పాడినట్టే బళ్ల స్టాండుకూ ఏడాదికోసారి పాట పెడతారు. పాడుకున్నవాడు కట్టిన సొమ్ము రాబట్టుకోవాలి కదా! ఒక స్టాండులో నా బండి హ్యాండిల్‌కు దూర్చిన చీటీ మీద అచ్చయిన రేటు ఒకటి, బాల్‌పెన్నుతో దిద్దిన రేటు ఇంకొకటి. డబ్బు సంగతి అలా ఉంచితే, నన్ను ఎక్కువ బాధించేది మరొకటి. ఏ వీధిలో ఏ వేళకు ఎన్ని బళ్లు ఆగుతున్నాయి, ఎంతసేపు ఉంటున్నాయి అన్న లెక్క ఊరి చేతికి ఎప్పటికీ రాదు. అది పాటదారుతోనే పోతుంది.

స్పెయిన్‌లోని బార్సిలోనా నగరం ఈ పనిని తన సొంత సంస్థకు అప్పగించింది. బీఎస్ఎం అనే ఆ కంపెనీ పూర్తిగా నగరపాలక సంస్థదే. రోడ్డు పక్క పార్కింగ్, భూగర్భ పార్కింగ్, అడ్డంగా ఆపిన బళ్లను ఎత్తుకెళ్లే లారీలు, బైసింగ్ అనే అద్దె సైకిళ్లు, అన్నీ దాని కిందే. 2007లో బైసింగ్ మొదలైనప్పుడు సైకిళ్లు నడిపే కాంట్రాక్టు ఒక ప్రైవేటు కంపెనీకి ఇచ్చారు. పగ్గాలు మాత్రం నగరమే ఉంచుకుంది. రోడ్డు పక్క పార్కింగ్ రాబడిని ఈ సైకిళ్లకు మళ్లించింది. 2019లో వ్యవస్థను కొత్తగా కట్టినప్పుడు సైకిలు తీసుకుని, తిరిగి పెట్టే స్టేషన్లు 519, సైకిళ్లు 7,000 అనుకున్నారు. పర్యాటకులకు కాదు, ఊళ్లోవాళ్లకే చందా. కారు పెట్టుకున్నవాడి రూపాయి సైకిలు తొక్కేవాడి దగ్గరికి చేరే దారి అక్కడ సూటిగా ఉంది.

ఆ దారి లేని సైకిళ్లు ఏమవుతాయో మన దేశమే చూసింది. ఓఫో అనే చైనా కంపెనీ పసుపు సైకిళ్లతో వచ్చి, 2018లోనే మూటాముల్లె సర్దుకుంది. మైసూరులో కథ వేరు, అక్కడ కంపెనీ పెట్టుబడికి వదిలేయలేదు. 2017లో ట్రిన్ ట్రిన్ పేరుతో 450 సైకిళ్లు, 48 స్టేషన్లతో ప్రజాధనం పెట్టి మొదలుపెట్టారు.

మనది చిన్న ఊరు, ఇవన్నీ మనకెందుకంటారు. నేను ఒప్పుకోను. రైల్వే స్టేషన్, ఆర్టీసీ కాంప్లెక్స్, కోట, మూడు లాంతర్లు, కాలేజీలు, ఇవన్నీ సైకిలు మీద పోగలిగిన దూరాలే. సిరిమానోత్సవం రోజున బళ్లను ఊరి అంచుల్లోనే ఆపి, జనాన్ని నడిపించే ఏర్పాటు మనకు ఏటా అలవాటే. రోడ్డు పక్క జాగాకు దాని విలువకు తగ్గ రుసుము ఉండాలని 2006 జాతీయ పట్టణ రవాణా విధానం ఎప్పుడో చెప్పింది.

వర్తకుల భయం నిజమైనదే. రుసుము పెడితే బేరాలు తగ్గుతాయంటారు. కానీ మొదటి అరగంట ఉచితంగా వదిలి, ఆపైన గంటగంటకూ పెంచితే ముందు కదిలేవి రోజంతా పాతుకుపోయిన బళ్లు. వాటిని కాస్త దూరంలో నెలవారీ పాసు మీద పెట్టించాలి. ఖాళీ అయిన చోట రోజుకు ఎంతమంది కొనుగోలుదారులు ఆగుతారో వర్తకులే చూస్తారు. చెల్లింపు ఫోనులోంచి నగరపాలక సంస్థ ఖాతాకే పోవాలి. ఫోను లేనివాడికి అచ్చు రసీదు ఇవ్వాలి, దాని మీద పెన్ను ఆనకూడదు.

సైకిళ్ల దగ్గర అసలు ఖర్చు కొనడంలో లేదు, తిప్పడంలో ఉంది. బార్సిలోనాలో జనం పల్లంలోని సముద్రం వైపు హాయిగా దిగుతారు, తిరిగి ఎత్తు తొక్కరు. అందుకని సైకిళ్లను లారీల్లో ఎక్కించి పైకి చేర్చాల్సిందే. ఇక్కడా ఉదయం రైల్వే స్టేషన్ దగ్గర సైకిలు ఉండదు, కాలేజీ దగ్గర పేరుకుపోతాయి. ఆ లారీకి డీజిలు, పంక్చరు వేసే మనిషికి జీతం ఏటా కావాలి. గ్రాంటు ఒకసారి వస్తుంది, పార్కింగ్ డబ్బు రోజూ వస్తుంది. అందుకే వచ్చే ఏడాది స్టాండు పాట ప్రకటన వేసేలోపే కార్పొరేషన్ ఈ రాబడికి విడిగా ఒక ఖాతా తెరవాలి. అందులో ఏ వీధి నుంచి ఎంత వచ్చిందో, సైకిళ్లకు ఎంత పోయిందో నెలనెలా కార్యాలయం గోడ మీద అతికించాలి.