శనివారం సభకు చట్టబద్ధత కల్పించాలి

రాజ్యాంగం రాసిన పెద్దలకు మనిషి నైజం బాగా తెలుసు. శాసనసభ ఒక సమావేశానికీ మరో సమావేశానికీ మధ్య ఆరు నెలలు దాటకూడదని 174వ అధికరణంలో రాసి మరీ కట్టడి చేశారు. జీతం, మైకు, గన్‌మన్ అన్నీ ఇచ్చినా కలుస్తారో లేదోనని వాళ్ల అనుమానం. మరి జీతమూ టీఏ డీఏలూ లేకుండా, ఇంట్లో చీవాట్లు తిని, ట్రాఫిక్‌లో పడి వారం వారం ఒకచోట చేరే స్నేహితుల సంగతేమిటి? ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు 19వ అధికరణం ఇచ్చిందనుకోండి. కానీ హక్కు ఇచ్చి ఊరుకుంటే ఎవరొస్తారండీ? ఓటు హక్కు గతి చూస్తున్నాం కదా. రాక తప్పని పరిస్థితి కల్పించాలి. ఈ లోపాన్ని ప్రభుత్వం దృష్టికి తేవడం ఒక బాధ్యతగల పౌరుడిగా నా ధర్మం.

మా సభ శనివారం రాత్రి తొమ్మిదింటికి హైదరాబాద్ బార్కస్‌లో కొలువుదీరుతుంది. నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులుండే పేట అది. వాళ్ల మాంసం అన్నం వంటకం మండి ఇప్పుడు జిల్లా కేంద్రాల్లో కూడా బోర్డెక్కింది గానీ, సభ అన్నాక రాజధానిలో ఉండాలి. తివాచీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటాం. నడుమ పెద్ద పళ్లెం దిగుతుంది. మాంసం రసం పట్టిన పొడుగు బియ్యపు అన్నం, పైన వేయించిన జీడిపప్పు, కిస్మిస్, ఉల్లిపాయ, వాటన్నిటి మీద అధ్యక్ష స్థానంలో మటన్ ముక్క.

119 మంది సభ్యులున్న తెలంగాణ శాసనసభకు 12 మంది వస్తే కోరం సరిపోతుంది. మా దగ్గర అలాంటి వెసులుబాట్లు లేవు. నలుగురి పళ్లెం ముగ్గురు తింటే అజీర్తి, ఇద్దరి పళ్లెం ముగ్గురు తింటే అలక. కాబట్టి రానివాడికి ఫోను మీద ఫోను. "ఏడున్నవ్‌రా?" "దారిల్నే ఉన్న మామా, పది నిమిషాలు." వెనక వాళ్లింట్లో టీవీ సీరియల్ డైలాగులు స్పష్టంగా వినిపిస్తూనే ఉంటాయి. అయినా వస్తాడు. ప్రేమతో కాదు, పళ్లెం లెక్క తప్పుతుందని. ప్రేమను నమ్ముకున్న సభలు ఏమైపోయాయో మనకు తెలియనిదేం కాదు.

ఆ పళ్లెంలో సరిహద్దులు కూడా ఉంటాయి. ఎవరి ముందున్న అన్నం వాడిది. పక్కవాడి జీడిపప్పు మీద చెయ్యి పడితే అది చొరబాటే. కానీ ఆ వారం ఎవరింట్లోనైనా బాగోలేదనుకోండి, మెత్తటి ముక్క అతని వైపు జరుగుతుంది. ఎవరు జరిపారో సభా కార్యకలాపాల్లో నమోదు కాదు. అతనూ అడగడు. టమాటా చట్నీ ఇటు పంపమంటాడు, అంతే.

"అర్ధరాత్రి దాకా అంతసేపు ఏం మాట్లాడుకుంటారు?" అని ఇంటింటా ప్రతిపక్షం నిలదీస్తోంది. ఏమీ మాట్లాడుకోమని ఘనంగా ప్రకటిస్తున్నాను. ఎజెండా ఏళ్ల తరబడి మారలేదు: టీమిండియా ఎంపిక, ఆదిభట్ల వైపు గజం రేటు, ఎవరి బీపీ గోళీ ఎన్ని ఎంజీ, ఆపైన హాస్టల్ గోడ. ఈ గోడ గురించి కాస్త చెప్పాలి. సెకండ్ షో సినిమాకని ఫస్టియర్‌లో దూకినప్పుడు అది నడుమెత్తు. చెప్పగా చెప్పగా పెరిగి ఇప్పుడు గోల్కొండ బురుజంత అయింది. మీద గాజుపెంకులు మొలిచాయి. కింద వాచ్‌మన్ కుక్క ఒకటి పుట్టింది. ఎవరూ అభ్యంతరం చెప్పరు, ఎందుకంటే ప్రతి సభ్యుడి సవరణా ఒకటి పెండింగులో ఉంటుంది. ఎవరైనా మ్యూచువల్ ఫండ్లో, ఉదయం అయిదింటి నడకో లాంటి ఉపయోగకరమైన అంశం ఎత్తితే పాయింట్ ఆఫ్ ఆర్డర్ లేస్తుంది, ఆ మాటలు రికార్డుల నుంచి తొలగిస్తాం.

వాట్సాప్ గ్రూపు ఉండగా ఈ ఖర్చెందుకని వాదించే ఆధునికులున్నారు. ఉంది, అందరూ ఉన్నారు అందులో. ఒకడు ఆస్పత్రి మంచం మీంచి సెలైన్ చేతి ఫొటో పెడితే పదకొండు బొటనవేళ్లు లేచిన గ్రూపు అది. "ఎప్పుడైనా కూర్చుందాం మామా" అన్నవాళ్లంతా అక్కడే ఉన్నారు. పెళ్లికో, అంతకన్నా చెడ్డ పనికో తప్ప కనబడరు.

ఇక ఆర్థిక శాఖ వారి కోసం ఒక లెక్క. పరిచయస్తుడు ఆప్తమిత్రుడు కావాలంటే రెండొందల గంటలకు పైగా కలిసి గడపాలని కాన్సస్ యూనివర్సిటీకి చెందిన జెఫ్రీ హాల్ 2018లో తేల్చారు. వారానికి రెండు గంటలు వేసుకున్నా దాదాపు రెండేళ్లు. యాభై దాటినవాడికి ఇంత లాంగ్ టెర్మ్ లోను ఏ బ్యాంకు ఇస్తుంది? కనుక ఉన్న పాత సరుకునే వారం వారం సర్వీసింగ్ చేయించుకోవడం దేశానికి లాభం.

బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో ఒంటరితనానికి ఏకంగా మంత్రులను పెట్టుకున్నాయి. ఒంటరితనంతో ముడిపడిన మరణాలు ఏటా 8,71,000 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదికలో అంచనా వేసింది. ఆ అంకె పట్టుకెళ్లి మా ఆవిడ ముందు పెట్టాను. చదివి, "మండి తిని పోయినవాళ్ల లెక్క వెయ్యలేదా వీళ్లు?" అంది.

ఇంట్లో వ్యతిరేకత ఎప్పుడూ ఉండేదే, దానికి భయపడం. అసలు ప్రమాదం లోపలి నుంచి వస్తుంది. 1764లో లండన్ జెరార్డ్ వీధిలోని ఒక సత్రంలో నిఘంటుకారుడు శామ్యూల్ జాన్సన్, చిత్రకారుడు రెనాల్డ్స్, రాజకీయ మేధావి ఎడ్మండ్ బర్క్, రచయిత గోల్డ్‌స్మిత్ మొదలైన తొమ్మిది మంది ఇలాంటి సభే పెట్టారు. సోమవారం సోమవారం రాత్రి భోజనం, బాగా పొద్దుపోయేదాకా కబుర్లు. పదేళ్లు తిరిగేసరికి వారం కాస్తా పదిహేను రోజులకోసారి అయింది, అదీ పార్లమెంటు నడిచే రోజుల్లో మాత్రమే. అంతటి మేధావులకే ఆ గతి పట్టింది. మాలో బర్క్ కూడా లేడు, ఎల్ఐసీ ఏజెంటు ఉన్నాడు.

ఆ కారణంగా కోరుతున్నది ఏమనగా, శనివారం రాత్రి తొమ్మిది తర్వాత పెళ్లి రిసెప్షన్లను నిషేధించాలి. బావమరిది గృహప్రవేశం ఉన్నా సభకు హాజరైనవాడికి ఆన్ డ్యూటీ రాయాలి. షట్టర్లు దించమని మైకులో అరిచే పోలీసు బండి మా వీధికి చివర్న రావాలి. నిధులు అడగడం లేదు. మా ద్రవ్య వినిమయ బిల్లు చర్చ లేకుండానే ఆమోదం పొందుతుంది: ఒకడు కడతాడు, మిగతావాళ్లు ఫోన్‌పే చేస్తామంటారు.

ఇది రాస్తుండగానే గ్రూపులో మెసేజ్ వచ్చింది. "మామా, ప్రతీ వారం అంటే కష్టమైతుంది. నెలకోసారి పెట్టుకుందామా?" ఆయనకు ఈమధ్యే ప్రమోషన్ వచ్చింది. సభ అత్యవసరంగా సమావేశమై ఆ ప్రతిపాదనను మూజువాణి ఓటుతో కొట్టేసింది. వచ్చే శనివారం పళ్లెం దిగగానే ఎముక వైపు ఆయన ముందుకు తిప్పాలని కూడా తీర్మానించింది.