అలా వెళ్ళొద్దాం

మా నాన్నగారు అమెరికాలో మేముండే ఎడిసన్ (న్యూజెర్సీ) వచ్చిన నాలుగో రోజు, సాయంత్రం ఐదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లు తొడుక్కుని హాల్లోకి వచ్చి "అలా వెళ్ళొద్దాం పదరా" అన్నారు. నేను అలవాటుగా ఫోన్ తీసి "ఎక్కడికి నాన్నా?" అన్నాను.

"ఎక్కడికేవిటి? అలా."

ఆ "అలా"కి అడ్రసు లేదు. జీపీఎస్‌లో కొడితే ఏమీ రాదు. రాజమండ్రిలో అయితే గడప దాటగానే కాళ్ళే తీసుకుపోతాయి. పుష్కరాల రేవు, గట్టు మీద కాసేపు, ఎవరైనా తెలిసినవాళ్ళు కనబడితే నాలుగు మాటలు, ఓ పొట్లం వేరుశెనక్కాయలు, చీకటి పడే వేళకి ఇల్లు. వైజాగ్ వాళ్ళకి ఆర్కే బీచ్, మురీ మిక్చర్. హైదరాబాద్ వాళ్ళకి ట్యాంక్‌బండ్. బెజవాడ వాళ్ళకి బ్యారేజీ. "ఎందుకు వెళ్ళావు?" అని అక్కడ ఎవరూ అడగరు. అడిగితే వింతగా చూస్తారు.

మా వీధిలో ఫుట్‌పాత్ మూడిళ్ళ దాకా ఉంటుంది. తర్వాత గడ్డి. ఆ సాయంత్రం మాకు ఎదురైన నలుగురి చేతుల్లోనూ కుక్క తాడు ఉంది. నాన్నగారు నలుగురికీ నమస్కారం పెట్టారు. నలుగురూ "హాయ్" అని వెళ్ళిపోయారు. పావుగంటలో తిరిగొచ్చేశాం. ఆయన బూట్లు విప్పుతూ "ఇక్కడ సాయంత్రం పూట జనం ఎక్కడికి వెళ్తారురా?" అన్నారు. ఎక్కడికీ వెళ్ళరు నాన్నా, పిల్లల్ని క్లాసులకి తీసుకెళ్తారు అని చెప్పలేక ఊరుకున్నాను.

మనందరి దగ్గరా ఒక లిస్టు ఉంటుంది కదా, అమ్మానాన్నలు వచ్చినప్పుడు చూపించాల్సినవి. నయాగరా, వాషింగ్టన్, న్యూయార్క్, రెండు మూడు గుళ్ళు. మేమూ చేశాం. నయాగరాకి పోనూ రానూ పద్నాలుగు గంటలు కారులో. నీలం రంగు రెయిన్‌కోట్లు వేసుకుని పడవెక్కాం, తడిశాం, ఫోటోలు దిగాం. "ధవళేశ్వరం దగ్గర వరద గోదావరిని చూసినవాణ్ణి, అయినా ఇది వేరు" అన్నారు నాన్నగారు. నయాగరా దండగ అని నేననడం లేదు. కానీ ఆ ప్రయాణంలో నాకు గుర్తున్నది జలపాతం కాదు. పైన త్రీ సిస్టర్స్ ఐలండ్స్ అని చిన్న చిన్న లంకలున్నాయి. నది ఇంకా కిందికి దూకకముందు రాళ్ళ మధ్య నుంచి ఉరుకుతూ పోతుంటుంది. అక్కడ ఒక బండ మీద అమ్మా నాన్నా పక్కపక్కన కూర్చున్నారు. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. నీళ్ళు చూస్తున్నారు. "ఇంకో పది నిమిషాలుందాం" అంది అమ్మ. హోటల్ ఖాళీ చేసే టైమ్ అవుతోందని నేనే లేవదీశాను. పది నిమిషాలు. ఏడు గంటలు కారు నడిపి తీసుకెళ్ళినవాణ్ణి, పది నిమిషాలు కూర్చోనివ్వలేకపోయాను.

లెక్క వేసి చూడండి. మన పెద్దవాళ్ళు సాధారణంగా ఉండేది ఆరు నెలలు. యాత్రలకి పోయేది మహా అయితే పన్నెండు రోజులు. మిగతా 160కి పైగా రోజుల మాటేవిటి? సోఫా, సీరియళ్ళు, కిటికీలోంచి చూస్తే అప్పుడప్పుడూ వెళ్ళే డెలివరీ వ్యాను. లిస్టులో టిక్కులు పడ్డాయి కాబట్టి మన బాధ్యత తీరిపోయిందనుకుంటాం. "అమ్మావాళ్ళకి అమెరికా అంతా చూపించాం" అంటాం. పక్క వీధి చూపించం.

నా సంగతే చెబుతాను. ఎడిసన్‌లో పదకొండేళ్ళుగా ఉంటున్నాను. 1954 దాకా ఈ ఊరి పేరు రారిటన్ టౌన్‌షిప్ అనీ, ఇక్కడి మెన్లో పార్కులో బల్బుకి పేరుపడ్డ థామస్ ఎడిసన్ ప్రయోగశాల ఉండేది కాబట్టి ఆయన పేరు పెట్టారనీ తెలుసు. క్రిస్టీ స్ట్రీట్‌లో ఆ ప్రయోగశాల ఉన్నచోట 1937లో కట్టిన స్తంభం ఉంది. 131 అడుగులు, దాని నెత్తిన పెద్ద బల్బు. మా ఇంటికి పది నిమిషాలు. ఎప్పుడూ ఆగలేదు. నాన్నగారితో వెళ్ళాను, అదీ ఆయన మూడోసారి "అలా" అన్నప్పుడు. మెడ వెనక్కి వంచి ఆ బల్బును చూస్తూ "కరెంటు పోతే తిట్టుకునేవాళ్ళం కానీ, ఇదిగో ఇక్కడ మొదలైందన్నమాట" అన్నారు. ఆయన పక్కన నిలబడి మా పదేళ్ళ అమ్మాయి కరెంటు పోవడమంటే ఏమిటని అడిగింది. ఇంటికొచ్చేదాకా లాంతర్ల గురించీ, చిమ్నీ తుడిచే ముగ్గు గురించీ చెబుతూనే ఉన్నారు. టికెట్ లేదు, క్యూ లేదు.

ఇంకోటి న్యూయార్క్‌లో స్టాటెన్ ఐలండ్ ఫెర్రీ. మాన్‌హటన్ కొస నుంచి అవతలి ఒడ్డుకి 25 నిమిషాలు, 1997 నుంచి పైసా తీసుకోవడం లేదు. వెళ్ళేటప్పుడు కుడివైపు నిలబడితే లిబర్టీ విగ్రహం కనబడుతుంది. నాన్నగారు దాన్ని ఒక్క నిమిషం చూశారు, మిగతా 24 నిమిషాలూ పడవని చూశారు. తాళ్ళు ఎలా కట్టారు, రేవుకి ఎలా ఆనించారు, జనం ఎలా దిగారు. అవతల దిగి మళ్ళీ ఎక్కాలన్నాను. "ఈ రేవులో ఎక్కి ఆ రేవులో దిగడం, అంతేగా! కొవ్వూరు లాంచీ" అన్నారు. 1974లో గోదావరి మీద రోడ్డు కం రైలు వంతెన వచ్చేదాకా ఆయన లాంచీలో తిరిగిన మనిషి. ఆ మాట అన్నాక న్యూయార్క్ ఆయనకి కొత్త ఊరులా లేదు. పక్కనున్న ఒకాయనకి ఏదో వివరించడం మొదలుపెట్టారు, తెలుగులోనే.

అమ్మ "అలా" వేరు. ఆవిడకి మా ఇంటి చుట్టూ తిరగడమే షికారు. ఒక రోజు మా డ్రైవ్‌వే పగుళ్ళలో వంగి ఏదో చూస్తూ నన్ను కేకేసింది. ఎర్రటి కాడలు, లావుపాటి చిన్న చిన్న ఆకులు, నేలకి పరుచుకుని ఉంది. గంగవాయిల కూర! ఏటా కలుపని పీకి పారేసేది అదేనట. "ఊళ్ళో కట్ట కొనుక్కుంటాం. మీకు వాకిట్లో మొలిస్తే చంపుతున్నారు" అని చీవాట్లు పెట్టి, అక్కడ మందేమీ చల్లలేదు కదా అని నాలుగుసార్లు అడిగి, ఆ రాత్రి పప్పులో వేసింది. పుల్లగా బాగుంది.

మనకి టైమెక్కడిది అంటారు. నిజమే. శనివారం పొద్దున్న డ్యాన్స్ క్లాసు, మధ్యాహ్నం కాస్ట్కోలో సరుకులు, సాయంత్రం ఎవరిదో బర్త్‌డే. పైగా ఇక్కడ కారు లేనిదే కాలు బయట పెట్టలేం. చలికాలమైతే మంచు మీద జారి పడితే ఇన్సూరెన్సు ఏం కడుతుందో, ఏం కట్టదో అని టెన్షన్. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ నయాగరాకి నాలుగు రోజులు సెలవు పెట్టగలిగినవాళ్ళం, గురువారం సాయంత్రం గంటసేపు ల్యాప్‌టాప్ మూయలేమా? నేను మూయగలనని ఈ ఏడాదే తెలిసింది. ఆకాశమేమీ ఊడిపడలేదు.

ఇక్కడి మన తెలుగు సంఘానికి ఒక మనవి. ఏటా వేసవిలో పెద్దవాళ్ళ కోసం బస్సు యాత్ర వేస్తున్నారు, సంతోషం. మూడు రోజుల్లో ఆరు ఊళ్ళు, మెడలో బ్యాడ్జీ, వేదిక మీద ప్రసంగాలు, శాలువాలు. ఆ ఖర్చులో కొంత తీసి వారానికి రెండు సాయంత్రాలు వ్యాన్లు తిప్పండి. ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని చెరువు దగ్గరో పార్కు దగ్గరో దింపి, రెండు గంటల తర్వాత మళ్ళీ ఇళ్ళకి చేర్చండి. మధ్యలో కార్యక్రమం ఏమీ పెట్టొద్దు, దయచేసి. మైకు అసలే వద్దు. వాళ్ళ కబుర్లు వాళ్ళు చూసుకుంటారు. చలికాలం వస్తే మాల్ ఉంది, లోపల ఎంతసేపు నడిచినా ఎవరూ ఏమీ అనరు.

సంఘం తీర్మానం చేసేలోపు మావాళ్ళ ఆరు నెలలూ అయిపోతాయి కాబట్టి మేమే మొదలుపెట్టేశాం. గురువారాలు ఐదున్నరకి రూజ్‌వెల్ట్ పార్కు చెరువు దగ్గర ఉంటున్నాం. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే తీసుకురండి. ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికీ నమస్కారం పెడుతున్న ఆయనే మా నాన్నగారు. అమ్మ ఉల్లిపాయ, నిమ్మకాయ పిండి మరమరాలు కలిపి తెస్తుంది. బాతులకి ఏమీ పెట్టకూడదని బోర్డుంది, అంచేత మనమే తినాలి.